వార్షిక నివేదిక: ఈ ఏడాది గ్రామఫోన్ రికార్డుల రాక్‌ల మీద జరిగిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలనెలా పాటల సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం రికార్డులు పెట్టుకునే రాక్‌లకే ఇస్తున్నాం. సభ్యుల ఇళ్లలో విరిగిన, వంకర తిరిగిన రికార్డుల్లో చాలావాటికి బలం లేని అరలే కారణమని తేలింది. అలా పాడైపోయిన నాటక పద్యాల రికార్డుల సెట్టు మళ్లీ దొరకదు, అందుకే ఇంత పట్టుదల.

కవరుతో కలిపి ఒక ఎల్పీ (పన్నెండు అంగుళాల వినైల్ రికార్డు) సుమారు పావు కిలో ఉంటుంది. అడుగు వెడల్పులో 70 నుంచి 80 పడతాయి. అంటే మూడడుగుల అర మీద 50 కిలోలకు పైగా బరువు! నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులైతే ఇంకా ఎక్కువ. పుస్తకాల కోసం పార్టికల్ బోర్డుతో (చెక్కపొట్టు అతికించి చేసిన పలకతో) చేసిన రాక్ ఇంత బరువు మోయలేదు. మధ్యలో కుంగుతుంది, వానాకాలం చెమ్మకు ఉబ్బుతుంది. చాలామంది అడిగిన ఐకియా కంపెనీ గడుల రాక్ ‘కాలాక్స్’లో ఒక్కో గడి 33 సెంటీమీటర్లు. ఎల్పీకి కొలత బాగా సరిపోతుంది గానీ, ఒక్కో అరకు కంపెనీ చెప్పిన పరిమితి 13 కిలోలు. గడిని పూర్తిగా నింపకండి.

కార్పెంటర్‌తో చేయించుకునేవారికి కమిటీ సలహా ఒక్కటే: నిలువు పలకల దగ్గర పొదుపు చేయొద్దు. ఆధారాల మధ్య దూరం సగం చేస్తే అర కుంగడం పదహారో వంతుకు తగ్గుతుంది. 18 ఎంఎం బీడబ్ల్యూపీ (నీటికి తట్టుకునే రకం) ప్లైవుడ్ వాడి, అడుగున్నరకు ఒక నిలువు పలక పెట్టించండి. లోపలి ఎత్తు 13 అంగుళాలకు తగ్గకూడదు. రికార్డుల మధ్య ప్రతి అయిదారు అంగుళాలకు పూర్తి ఎత్తున అడ్డపలక ఉండాలి. అది లేకపోతే రికార్డులు ఒకదానిమీద ఒకటి ఒరిగి వంగిపోతాయి. ఒకదానిపై ఒకటి పేర్చడం అసలే వద్దు, లక్క రికార్డు పగులుతుంది.

స్లాటెడ్ యాంగిల్ రాక్ (చిల్లులున్న ఇనుప పట్టీలతో బిగించేది) చవక, బలమైనది కూడా. కాకపోతే మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, రేకు అంచులు కవర్లను కోసేస్తాయి. పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) ఉన్నది తీసుకుని, ప్రతి అర మీద ప్లైవుడ్ పరిచి వాడుకోవచ్చు. ఏ రాక్ అయినా గోడకు బిగించండి. గోడకూ రాక్‌కూ మధ్య రెండంగుళాల సందు వదలండి, చెదలు పట్టకుండా అడుగున నాలుగంగుళాల కాళ్లు ఉంచండి.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. ఇళ్ల స్లాబులను మామూలుగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకపు బరువుకు (మనుషులు, సామాన్లు) లెక్కగట్టి డిజైన్ చేస్తారు. మూడడుగుల వెడల్పున్న అయిదు అరల నిండు రాక్ కొద్దిపాటి చోటులోనే 250 కిలోలు దాటుతుంది. దాన్ని గది నడుమ పెట్టకుండా, దూలం వెళ్లే గోడ పక్కన పెట్టండి. సేకరణ పెద్దదైతే ఇంజినీరుకు చూపించాకే రాక్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.

వచ్చే ఏడాది సంఘం గదిలోని రాక్‌లనూ ఇదే కొలతలతో మార్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాం. కొలతల డ్రాయింగ్ కావలసినవారు కార్యదర్శిని అడగండి.

— కార్యవర్గం