1757 నాటి సైనికులని చెప్పి 1812 నాటి వాళ్లను పంపారు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా
నవంబరు 18, 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: తప్పు కాలానికి చెందిన మినియేచర్ సైనికులు, పోతలో లోపాలు, మార్చి ఇవ్వడం గురించి.

నమస్కారమండి. అక్టోబరు 3న మీ దగ్గర 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మల సెట్టు ఒకటి ఆర్డరు పెట్టాను. మీ పేజీలో దాని పేరు ‘ఏడేళ్ల యుద్ధం, ఫ్రెంచి పదాతి దళం, 1756–63’. అందులో 48 మంది కాల్బలం, 2 ఫిరంగులు, వాటికి 8 మంది గోలందాజులు, గుర్రాల మీద 2 అధికారులు ఉంటారని రాశారు. రూ. 14,860 ఆ రోజే కట్టేశాను. పార్సిల్ బరంపురంలో కొన్నాళ్లు ఆగి అక్టోబరు 29న చేరింది. ఆలస్యం గురించి నాకు ఫిర్యాదు లేదు, మా జిల్లాకు పార్సిళ్లు అలాగే వస్తాయి.

అక్టోబరు 31న ఇంగ్లీషులో ఒక మెయిల్, నవంబరు 6న ఇంకొకటి పంపాను. రెండింటికీ ‘మీ ఫిర్యాదు అందింది’ అనే యంత్రం జవాబు తప్ప ఏమీ రాలేదు. మీ డబ్బా మీద తెలుగులో మాట్లాడవచ్చని నంబరు ఉంటే ఫోన్ చేశాను. ఆ సంభాషణ తర్వాతే ఈ ఉత్తరం రాయక తప్పలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అందుకని నా మాట నేను మాట్లాడే తెలుగులోనే చెబుతున్నాను.

డబ్బా తెరవగానే పైన ఉన్న సంచిలో 12 మంది సైనికులు, ఇద్దరు అధికారులు ఉన్నారు. ట్రైకార్న్ అనే మూడు మూలల టోపీ, మోకాళ్ల దాకా వేలాడే కోటు, దాని కింద పొడవాటి లోచొక్కా, మోకాలి పైకి వచ్చే గుడ్డ పట్టీలు, వెనక జడలా కట్టిన జుట్టు. ఏడేళ్ల యుద్ధం నాటి ఫ్రెంచి సైనికుడు ఎలా ఉండాలో అలాగే ఉన్నారు. సంతోషం పట్టలేక ఆ రాత్రే నలుగురికి బూడిద రంగు ప్రైమర్, అంటే రంగులకు ముందు వేసే పూత, కొట్టేశాను. మర్నాడు ఉదయం కింది మూడు సంచులు విప్పాను. ఒక్కో దాంట్లో 12 మంది చొప్పున 36 మంది, అందరి నెత్తిమీదా షాకో, అంటే డబ్బాలాగా నిటారుగా నిలబడే పొడవాటి టోపీ. ఫ్రెంచి పదాతి దళానికి ఆ టోపీ 1806లో వచ్చింది. వాళ్ల కోట్లు నడుము దాకా మూసుకుని, కింద పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. అది 1812 నిబంధనలతో వచ్చిన కోటు. అంటే వీళ్లు నెపోలియన్ సైనికులు.

ఫిరంగుల సంగతీ అంతే. గొట్టాన్ని పైకీ కిందికీ తిప్పడానికి వెనక మర ఉంది. అది గ్రిబోవాల్ పద్ధతి, 1765లో వచ్చింది. అంతకు ముందు ఫ్రెంచి వాళ్లు వాడినవి 1732 నాటి వాలియేర్ పద్ధతి ఫిరంగులు. వాటికి గొట్టం కింద చెక్క చీలలు దోపి ఎత్తు సరిచేసేవారు. మీ పేజీలో ఉన్న ఫొటోలో ఆ చీలలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, నాకు వచ్చిన వాటిలో లేవు. ఎనిమిది మంది గోలందాజులకూ షాకోలే ఉన్నాయి.

ఇది మీకు చిన్న విషయంగా అనిపించవచ్చు. ఫోన్లో మాట్లాడిన మీ ఉద్యోగికి అలాగే అనిపించింది. “సార్, రెండూ ఫ్రెంచ్ వాళ్లే కదా, షెల్ఫ్‌లో పెడితే ఎవరు గమనిస్తారు” అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఎందుకో వివరంగా చెబుతాను.

ఈ బొమ్మలు నేను కొన్నది షెల్ఫ్ కోసం కాదండి. 1757 జనవరి 24న, అంటే మీ సెట్టు మీద రాసిన కాలంలోనే, జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని బల్ల మీద ఆడటానికి కొన్నాను. విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన బుస్సీ నడిపిన ఫ్రెంచి సైన్యం, ఫిరంగులు, లోపల బొబ్బిలి రాజు రంగారావు గారి మనుషులు, మట్టి గోడల కోట. కోట నిలవదని తెలిసి లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ శత్రువు చేతికి చిక్కనివ్వకుండా తామే చంపుకుని కత్తులతో బయటికి వచ్చారు. తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజును చంపాడు. ఈ కథ మా ప్రాంతంలో బుర్రకథగా వినని ఇల్లు ఉండదు. మా నాయనమ్మ నాకు చెప్పింది, నేను పిల్లలకు చెబుతున్నాను.

నేను ఇంట్లో లెక్కల ట్యూషన్ చెబుతాను, శనివారం సాయంత్రం 14 మంది పిల్లలు వస్తారు. వాళ్లకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. పాతపట్నం ఇక్కడికి పక్కనే అయినా అది వేరే రాష్ట్రం, మా పిల్లలకు తెలుగు పుస్తకం బడిలో దొరకదు. గత రెండేళ్లుగా ట్యూషన్ అయ్యాక ఒక గంట బల్ల మీద పాత యుద్ధాలు ఆడిస్తున్నాను. ఒక బొమ్మ 20 మంది సైనికులకు లెక్క. దూరం టేపుతో కొలుస్తాం, గుండు తగిలిందా లేదా పాచికలు తేలుస్తాయి. ఏ గోడ ఎందుకు కూలింది, ఫిరంగి ఎక్కడ పెడితే ఎక్కడికి తగులుతుంది, ఎవరు ఎందుకు చచ్చిపోయారు అని పిల్లలే అడుగుతారు. ఈసారి జనవరి 24 సరిగ్గా శనివారం పడింది. ఆ రోజు బొబ్బిలి ఆడిద్దామని సెప్టెంబరు నుంచే పని మొదలుపెట్టాను. కోట గోడ థర్మాకోల్ మీద మట్టి పూసి చేశాను. బొబ్బిలి వీరులను ఏ కంపెనీ తయారు చేసినట్టు నాకు కనిపించలేదు. అందుకని పాత బొమ్మల తలలు కోసి, ఎం-సీల్‌తో తలపాగాలు చుట్టి, పంచెలు మడిచి, ఒక్కొక్కడి చేతిలో కత్తీ డాలూ నేనే పెట్టాను. 60 మందిని చేయడానికి నెల పట్టింది.

అలాంటి బల్ల మీదికి, బొబ్బిలి కోట ముందుకు, యాభై ఏళ్ల తర్వాత పుట్టిన టోపీ పెట్టుకున్న వాడిని ఎలా నిలబెట్టమంటారు? ఎవరూ గమనించరని మీరంటున్నారు, కానీ వాటిని చూసేది పిల్లలు. వాళ్ల కంటికి మొదట పడేదే టోపీ. బుస్సీ సైనికుడు ఇలా ఉండేవాడు అని నేను ఒకసారి చూపిస్తే, వాళ్లు పెద్దయ్యాక కూడా అదే గుర్తుంచుకుంటారు. తప్పని తెలిసీ అది చూపించడానికి నాకు మనసు రాదు.

రంగుల వల్ల కూడా నష్టపోయాను. ఏడేళ్ల యుద్ధంలో ఫ్రెంచి రాజు గారి పదాతి దళం కోటు ఎక్కువగా బూడిద కలిసిన తెలుపు. మీ సెట్టుతో వచ్చిన రంగుల కాగితం మీద కూడా అదే ఉంది. దాన్ని చూసే 17 మిల్లీలీటర్ల సీసాలు మూడు అదే రంగువి, నీడల కోసం వాష్ అనే పల్చటి రంగు ఒకటి తెప్పించాను. నెపోలియన్ సైనికులకు వేయాల్సింది నీలం. ఆ సీసాల డబ్బు మిమ్మల్ని అడగను, సరైన బొమ్మలు వస్తే అవి పనికొస్తాయి.

ఇక పోత సంగతి. సరైన కాలానికి చెందిన ఆ 12 మందిలో కూడా అయిదుగురు సరిగ్గా లేరు. ప్రైమర్ కొట్టిన నలుగురిలో ఇద్దరికి ముఖం మధ్యలో మెట్టులా కనిపించింది. మా పక్కింట్లో పర్లాకిమిడి కొమ్ము పని చేసే మావయ్య ఉన్నారు, జీవితమంతా కొమ్మును దువ్వి కొంగలూ రొయ్యలూ చేసిన మనిషి. ఆయన చేతికిస్తే భూతద్దం పెట్టి చూసి “అచ్చు రెండు పక్కలూ కలవలేదు బావూ, ఇది నువ్వు ఎంత దువ్వినా పోదు” అన్నారు. మిగతావి కూడా వెతికితే ఇంకో ముగ్గురికి అదే జబ్బు కనిపించింది. రబ్బరు అచ్చు పాతబడితే రెండు సగాలు జరిగి ఒక కన్ను పైకీ ఇంకో కన్ను కిందికీ పోతాయి. తుపాకీ చివర బాయినెట్లు రెండింటికి సగంలోనే ఆగిపోయాయి, లోహం కొస దాకా పారలేదు.

లోహపు బొమ్మకు అంచుల్లో పల్చటి రేకులు, అచ్చు కలిసిన చోట సన్నని గీత ఉండటం మామూలే. వాటిని ఆకురాయితో నేనే దువ్వుకుంటాను, దాని గురించి ఏ కంపెనీకీ ఎప్పుడూ రాయలేదు. ముఖం జరిగిపోతే మాత్రం దువ్వడానికి ఏమీ మిగలదు. 28 మిల్లీమీటర్ల బొమ్మలో ముఖం మినపగింజంత, అదే పోతే మనిషే పోయినట్టు.

ఇంకో విషయం ముఖ్యంగా అడగాలి. మీ డబ్బా మీద ఇది ఏ లోహమో రాయలేదు. పాత రోజుల్లో ఈ బొమ్మల్లో సీసం కలిపేవారు, ఇప్పుడు చాలామంది తగరం ఎక్కువగా ఉండే మిశ్రమం వాడుతున్నారు. దువ్వేటప్పుడు పొడి లేస్తుంది, ఆ తర్వాత పిల్లలు బొమ్మలను చేత్తో పట్టుకుంటారు. అందులో సీసం ఉందా లేదా అన్నది నాకు రాతపూర్వకంగా కావాలి. జవాబు వచ్చేదాకా ఒక్క బొమ్మను కూడా పిల్లల చేతికివ్వను.

మీ ఉద్యోగి చివరికి చెప్పిన కారణం, డబ్బా తెరిచి ప్రైమర్ కొట్టాను కాబట్టి వాపసు కుదరదని. నేను రంగు కొట్టింది నలుగురికే, ఆ నలుగురూ సరైన కాలం వాళ్లే. షాకోలు పెట్టుకున్న 36 మందినీ, గోలందాజులనూ, ఫిరంగులనూ ఆకురాయి కూడా తాకించకుండా వచ్చిన సంచుల్లోనే ఉంచాను. సంచి తెరవకుండా లోపల ఎవరున్నారో తెలిసే దారి మీ ప్యాకింగులో లేదు, సంచులన్నీ తెల్లవి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు మీకు తెలిసే ఉంటాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మేవారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. నా మొదటి మెయిల్‌కు నవంబరు 30తో నెల అవుతుంది. ఆ తేదీ దాటితే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను. నేను ఉండే చోటే వేసుకోవచ్చని చట్టం చెబుతోంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. అయినా అక్కడిదాకా పోవాలని నాకు లేదు. నాకు కావలసింది బొమ్మలు.

కాబట్టి 36 మంది కాల్బలం, 8 మంది గోలందాజులు, 2 ఫిరంగులు సరైన కాలానివి పంపండి. ముఖాలు జరిగిన అయిదుగురికి బదులు అయిదుగురిని కలపండి. ఇవన్నీ డిసెంబరు 5 లోపు చేరాలి. ఒక్కో బొమ్మకు నాకు గంటన్నర పడుతుంది, మొత్తం 58 మందికి 87 గంటలు. ట్యూషన్ అయ్యాక రాత్రి రెండు గంటలకు మించి కూర్చోలేను, అంటే 44 రాత్రులు. డిసెంబరు 5 నుంచి జనవరి 24కి 50 రాత్రులున్నాయి. మీ దగ్గర సరుకు లేకపోతే ఆ మాట ఈ వారంలోనే చెప్పి రూ. 14,860 వెనక్కి వేయండి, వేరే చోట ప్రయత్నిస్తాను. తప్పు బొమ్మలు తిప్పి పంపే కొరియర్ ఖర్చు మీదే.

మీ పేజీలో ఆ సెట్టు ఇంకా అదే పేరుతో, అదే ఫొటోతో అమ్ముడవుతోంది. నిన్న రాత్రి కూడా చూశాను. గోదాములో సంచులు కలిసిపోయి ఉంటే అవి సరిచేసేదాకా దాన్ని ఆపండి. నాలాగే ఇంకెవరో దీపం కింద కూర్చుని ఆశగా డబ్బా తెరుస్తారు.

ఆర్డరు రసీదు, 11 ఫొటోలు జతచేశాను. ఫొటోల్లో ప్రతి సైనికుడి పక్కనా స్కేలు పెట్టాను, ముఖాలు జరిగిన వాళ్లను దగ్గరగా తీశాను. సాయంత్రం 4 లోపు ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడతాను, ఆ తర్వాత పిల్లలు వస్తారు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
పర్లాకిమిడి