క్యాబిన్ల దగ్గరి బ్లూబర్డ్‌ల గురించి పార్క్ సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

సూపరింటెండెంట్ గారూ,

మిస్సోరీలో మీ సరస్సు ఒడ్డు క్యాబిన్లకు సెలవులకు వచ్చే తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇంగ్లీషు ఉత్తరం మీకు విడిగా పంపాను, ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లూ చదవాలని ఇలా కూడా పెడుతున్నాను.

ఈస్టర్న్ బ్లూబర్డ్ 1927 నుంచి ఈ రాష్ట్ర పక్షి. తొర్రల్లో గూడు పెడుతుంది, కానీ తొర్ర తొలిచే ముక్కు దానికి లేదు. ఎండుచెట్లు కొట్టేసి, యూరప్ నుంచి తెచ్చి వదిలిన పిచ్చుకలూ స్టార్లింగ్ పిట్టలూ మిగిలిన తొర్రలు లాక్కున్నాక, గూళ్లకోసం మీ పార్కులో పెట్టిన ఈ చెక్క పెట్టెలే దానికి దిక్కు. వాటినే పట్టించుకునేవాళ్లు లేరు. బోట్ల రేవు దగ్గరి పెట్టెకు తలుపు ఊడి వేలాడుతోంది, లోపల గడ్డీ ఈకలూ కుక్కిన పిచ్చుక గూడు, దాని కింద పగిలిన లేతనీలం గుడ్డు. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పెట్టె కంత 1.5 అంగుళాలుంటే స్టార్లింగ్ దూరలేదు, పిచ్చుక దూరుతుంది, అందుకే గూళ్ల కాలంలో వారానికోసారి ఎవరైనా తెరిచి చూడాల్సిందే. చెట్లకు కొట్టిన పెట్టెలు తీసి ఇనుప స్తంభాలకు బిగించండి, పాములూ రకూన్‌లూ ఎక్కకుండా కింద రేకు గొట్టం తొడిగించండి. నీళ్ల పక్కన ట్రీ స్వాలో పిట్టలు కూడా ఈ పెట్టెలకోసమే పోట్లాడతాయి కాబట్టి 15, 20 అడుగుల దూరంలో జంటగా పెడితే రెంటికీ చోటు దొరుకుతుంది.

పచ్చికకు పురుగుమందు కొట్టడం మాత్రం వెంటనే ఆపించండి, ఆ పురుగులే కదా పక్షిపిల్లల తిండి!

వాలంటీర్లు కావాలంటే చెప్పండి, మేం వస్తాం. పెట్టెలు మాత్రం ఫిబ్రవరికల్లా సిద్ధం కావాలి.