ట్యూనింగ్‌కి డబ్బు తీసుకుని రంగు మాత్రం వేసి పంపిన పాత టేబుల్ సా గురించి ఫిర్యాదు

సర్వీసు మేనేజర్ గారికి,

నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంటలో చిన్న వడ్రంగి షాపు. పూజామందిరాలు, తలుపులు, కిటికీలు చేస్తాం. పోయిన నెల మీ చెన్నై గోడౌన్ నుంచి పాత టేబుల్ సా (బల్ల మధ్య నుంచి పైకి వచ్చే బ్లేడుతో చెక్క కోసే మిషన్) ఒకటి తెప్పించుకున్నాను. పదంగుళాల బ్లేడు, రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. మీ బిల్లులో మిషన్ ధర ఒక వరుసలో ఉంది. దాని కింద ‘ఫుల్ సర్వీసింగ్, ట్యూనింగ్’ అని విడిగా 6,500 రూపాయలు, ఆ పైన జీఎస్టీ. నా పేచీ ఆ రెండో వరుసతోనే.

పాత మిషన్ అంటే పాతదే. టేబుల్ మీద తుప్పు మరకలున్నాయనీ, మోటారు మోత ఎక్కువనీ నేను గొడవ పెట్టుకోవడం లేదు. కానీ ట్యూనింగ్‌కి డబ్బు తీసుకున్నాక ఆ పని జరిగి ఉండాలి కదా.

మొదటిరోజు టేకు చెక్క నిలువుకోతకి పెడితే అంచు పొడవునా నల్లగా మాడింది. బ్లేడు మొద్దుబారిందేమోనని 24 పళ్ల కొత్త బ్లేడు వేశాం. అయినా అదే మాడు. ఇక ప్లగ్గు పీకేసి, బ్లేడు పూర్తిగా పైకి లేపి, ఒక పన్నుకి మార్కర్‌తో గుర్తు పెట్టాను. ఆ పన్ను ముందువైపు ఉండగా మైటర్ గాడి (టేబుల్ మీద బ్లేడుకి సమాంతరంగా ఉండాల్సిన గాడి) అంచు నుంచి దాని దూరం కొలిచాను. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలిచాను. రెండుచోట్లా ఒకే పన్నును కొలిస్తే, బ్లేడులో వంకర ఉన్నా అది లెక్కలోకి రాదు. తేడా 1.2 మిల్లీమీటర్లు వచ్చింది, అదీ వెనకవైపు, చెక్కను ఆనించి తోసే ఫెన్సు దిక్కుకి. 0.1 దాటకుండా సర్దుకోవాల్సిన చోట ఇది. వెనక పైకి లేచే పళ్లు అప్పటికే కోసిన అంచును మళ్లీ గీరుతుంటే చెక్క మాడక ఏమవుతుంది? ప్రతి ముక్కకీ మళ్లీ చిత్రిక పట్టాల్సి వచ్చింది. మీ చెక్‌లిస్టులో మాత్రం ‘బ్లేడు, గాడి సమాంతరం’ అన్నచోట టిక్కు, కింద సంతకం.

టార్చి వేసి టేబుల్ అడుగున చూశాను. బ్లేడు తిరిగే భాగాన్నంతా టేబుల్‌కి పట్టి ఉంచే ట్రునియన్ బోల్టులు నాలుగున్నాయి. నాలుగింటి మీదా మీరు వేసిన ఆకుపచ్చ రంగు బోల్టు తల నుంచి వాషర్ మీదుగా ఇనుము దాకా ఒకే పొరగా ఉంది, ఎక్కడా చిట్లలేదు. స్పానర్ తగిలిన గీత కూడా లేదు. ఆ బోల్టులు వదులు చెయ్యకుండా బ్లేడును గాడికి సర్దడం కుదరదు, వదులు చేస్తే రంగు చిట్లక మానదు. ముందు సర్ది తర్వాత రంగు వేశామంటారేమో. మీ చెక్‌లిస్టులోనే పెయింటింగ్ తేదీ ముందుంది, ట్యూనింగ్ తేదీ దాని తర్వాతది. బోల్టులు ముట్టుకోకముందే ఫొటోలు తీశాను, జతచేస్తున్నాను.

బ్లేడు వెనకే ఉండి కోసిన ముక్కలను విడదీసి ఉంచే రేకు, అదే రైవింగ్ నైఫ్, దాని సంగతి ఇంకా అన్యాయం. మీరు పంపినదాని మీద 3.0 అని ముద్ర ఉంది. మీరిచ్చిన బ్లేడు కోసే వెడల్పు 2.6 మిల్లీమీటర్లు. చెక్క నైఫ్ దాకా వచ్చి అక్కడే బిగుసుకుపోతుంది. అది వేరే మిషన్‌ది, దొరికింది బిగించి పంపారు. దాన్ని తీసేస్తే తప్ప పని సాగదు, తీసేస్తే కోసిన ముక్కలు దగ్గరికి నొక్కుకుని బ్లేడును పట్టేసినా అడ్డుండదు. ఒక వేప పలక అలాగే వెనక్కి తన్నింది. మా కుర్రాడు బ్లేడుకి ఎదురుగా నిలబడడు కాబట్టి సరిపోయింది. వెనక గోడ రేకు సొట్టపడింది.

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే ‘సెకండ్ హ్యాండ్‌కి వారంటీ ఉండదు సార్’ అన్నారు. నేను వారంటీ అడిగానా? ఇంకొకాయనైతే ‘వెంకన్న పాదాల దగ్గరున్నారు, మీకేం కాదు’ అన్నారు. స్వామి చూసుకునేవి ఆయన చూసుకుంటాడు, బోల్టులు బిగించే పనికి డబ్బు తీసుకున్నది మీరు.

శ్రావణంలో గృహప్రవేశాలకి ఇవ్వాల్సిన మందిరాలుండటంతో మీ కోసం ఆగలేక ఇక్కడి మెకానిక్‌ని పిలిపించాను. బోల్టులు వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టుకుంటూ తేడాను 0.1 లోపుకి తెచ్చాడు. పగుళ్లిచ్చిన బెల్టు కూడా మార్చాడు. ఒక పూట పని. ఆ మాత్రం మీ గోడౌన్‌లో ఎవరూ చెయ్యలేకపోయారు.

ట్యూనింగ్ కింద తీసుకున్న మొత్తం జీఎస్టీతో సహా తిరిగి ఇవ్వండి. మెకానిక్‌కీ, బెల్టుకీ అయిన 2,800 కూడా మీరే కట్టాలి, రసీదులు జతలో ఉన్నాయి. ఈ బ్లేడుకి సరిపోయే రైవింగ్ నైఫ్, దాంతోపాటు బిల్లులో రాసి పంపని, బ్లేడు మీద కప్పే గార్డు వెంటనే పంపండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు వేస్తాను. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే పనికి కొన్న మిషన్ కాబట్టి వ్యాపారానికి కొన్నారని తోసిపుచ్చడం కుదరదు. మీరు చెన్నైలో ఉన్నా, నేనుండే చోటే కేసు వెయ్యొచ్చని కూడా ఆ చట్టంలో ఉంది.

మనిషిని పంపి చూసుకుంటామంటే అభ్యంతరం లేదు, ముందురోజు ఫోన్ చెయ్యండి. సన్నటి తేడాలు కొలిచే డయల్ గేజ్ తెచ్చుకోనక్కర్లేదు, మా దగ్గరుంది.

ఇట్లు,
ఒక వడ్రంగి షాపు యజమాని,
కొర్లగుంట, తిరుపతి

జతచేసినవి: బిల్లు, చెక్‌లిస్టు నకలు, బోల్టుల ఫొటోలు, మెకానిక్ రసీదు, బెల్టు రసీదు