పద్మాక్షి గుట్ట వీడియో గురించి తమ్మికి

తమ్మీ,

అందరు మంచిగున్నరా. బాపు షుగరు గోలీలు పొద్దుగాల తప్పకుండ ఏసుకుంటాన్నడా లేదా నువ్వే చూసి చెప్పు, అమ్మనడిగితే "ఆఁ, ఏసుకుంటాన్నడు తియ్యి" అంటది గంతే. నా పని ఎప్పటిలెక్కనే ఉన్నది. ఇక్కడ ఐదు గొట్టకముందే చీకటైతాంది. తిండి మంచిగనే తింటాన్న, బియ్యం దొరుకుతాన్నయి, చింతపండు అయిపోలేదు, నిన్న పచ్చిపులుసు చేసుకున్న. ఈ ముక్క వరకు అమ్మకు చదివి వినిపియ్యి. మిగిలిందంతా నీకే.

సద్దుల బతుకమ్మ వీడియో చూసిన. మొదట్ల అమ్మ పెదవికి, పాటకు కలిసింది. ఇరవై నిమిషాలు దాటినంక పెదవి ఒక దిక్కు, పాట ఒక దిక్కు. నువ్వేమో ఆడియోను మౌస్‌తోటి జరిపి జరిపి పరేషాన్ అయితాన్నవట. జరుపుడు బంద్ చెయ్యి. ఒక కాడ కలిపితే ఇంకో కాడ ఊడుతది. అది పెరుగుకుంట పోయే తేడా.

ముందుగాల మూడు చోట్ల చూడు, మొదలు, నడుమ, ఆఖరు. చేతులు కలిసిన ఫ్రేము (వీడియోల ఒక్కో బొమ్మ) కాడ ఆపి, వేవ్‌ఫామ్‌ల (శబ్దాన్ని గీతలుగ చూపే పటంల) చప్పట్ల గీత ఎన్ని ఫ్రేములు ఎనక లేస్తాందో లెక్కపెట్టు. సెకనుకు 30 ఉంటే ఒక్క ఫ్రేము 33 మిల్లీసెకన్లు. మూడు చోట్ల ఒకటే లెక్క వస్తే క్లిప్పును మొత్తం అన్ని ఫ్రేములు జరుపు, అయిపాయె. రెండు, తొమ్మిది, పదహారు అని పెరిగితే వేగంల తేడా. ఒక కాడిదాక మంచిగుండి ఠక్కున ఊడితే అక్కడ ఫైలన్న తెగింది, ఫ్రేములన్న పడిపోయినయి. అక్కడ కోసి తర్వాతి ముక్కనే జరపాలె. లెక్కపెట్టేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసెయ్యి. అవే పావు సెకను దాక ఆలస్యం చేస్తయి, నువ్వు లేని తప్పును దిద్దుకుంట కూసుంటవు.

నువ్వు పంపిన అసలు ఫైలును మీడియాఇన్ఫోల (ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌ల) తెరిచి చూసిన. ఫ్రేమ్ రేట్ మోడ్ కాడ వేరియబుల్ అని ఉన్నది, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది మారుకుంట పోతది. నీ తప్పేం లేదు, ఫోన్లన్ని దాదాపు గిట్లనే తీస్తయి. పొద్దుగూకి వెలుగు తగ్గినకొద్ది ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు పట్టాలని ఫోను 30 నుంచి 24కో, ఇంకా కిందికో దిగుతది. మీరు గుట్ట కాడికి పోయిందే చీకటి పడే యాళ్లకు. ప్రతి ఫ్రేముకు దాని టైము ఫైలుల రాసే ఉంటది గనుక ప్లేయర్ల మంచిగ ఆడుతది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఆ టైమును పట్టించుకోకుండ ఫ్రేములను సమానంగ పేర్చుతయి. ఆడియో తన లెక్కల తను పోతది. గందుకే ఊడింది.

హ్యాండ్‌బ్రేక్‌ల (వీడియోను మార్చే సాఫ్ట్‌వేర్‌ల) ఆ ఫైలు పెట్టు. వీడియో ట్యాబ్‌ల ఫ్రేమ్‌రేట్ 30 చెయ్యి, కింద పీక్ అని ఉన్నదాన్ని తీసి కాన్‌స్టంట్ (మారకుండ ఒకటే వేగం) పెట్టు. చాలమంది 30 పెట్టి కాన్‌స్టంట్ మరిచిపోతరు, పని మళ్ల మొదటికొస్తది. ఆర్‌ఎఫ్ (బొమ్మ నాణ్యత అంకె) 18 కాడ ఉంచు, ఫైలు పెద్దగైతది గానీ బొమ్మ చెడదు. ఆడియో శాంపుల్ రేటు 48, అంటే సెకనుకు 48,000 శాంపుళ్లు. ప్రాజెక్టు కూడ 30 మీదనే ఉండాలె, 29.97 కాదు. ఒకదాన్ని ఇంకోటనుకోని పేర్చితే గంటకు మూడున్నర సెకన్లు తేడా వస్తది. ఇదంతా ఎడిటింగ్‌కు ముందు చేసుడు. కోసిన టైంలైన్ మీద కొత్త ఫైలు ఎక్కిస్తే నీ కోతలన్ని జరుగుతయి, అందుకే మళ్ల మొదటి నుంచి కొయ్యి, తప్పదు. ఎడిటింగ్‌కు షాట్‌కట్ సాఫ్ట్‌వేర్ వాడితే ప్రాపర్టీస్‌ల ఎడిట్ ఫ్రెండ్లీకి మార్చే బటన్ ఉంటది, అది కూడ ఇదే పని చేస్తది.

చిన్నమ్మ తీసిన ముక్కలు వాట్సాప్‌ల వీడియోగ పంపితే మళ్ల కుదించి వస్తయి. డాక్యుమెంటుగ పంపమను, లేకుంటే కేబుల్ పెట్టి తీసుకో.

అమ్మ పక్కన రెండో ఫోను పెట్టి పాట రికార్డు చేసినవు చూడు, గది మంచి పని చేసినవు. ఆమె ఊపిరి తీసుకునుడు సుత వినబడుతాంది. నాలుగుసార్లు విన్న. దాన్నే అసలు ఆడియోగ పెట్టు. కేడెన్‌లైవ్‌ల (ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల) వీడియో క్లిప్పు ఆడియో మీద రైట్ క్లిక్ కొట్టి ఆడియో రిఫరెన్స్ చేసి, రెండో ఫోను ఆడియో మీద అలైన్ కొడితే అదే కలుపుతది. కాని బతుకమ్మకు రెండు తిరకాసులున్నయి. చప్పట్లు, ఉయ్యాలో అనే పల్లవి ఒకటే తీరుగ మళ్ల మళ్ల వస్తయి గనుక సాఫ్ట్‌వేర్ మోసపోయి ఒక చప్పట్టు అటో ఇటో కూసోబెడుతది. ఒక్కసారే వచ్చిన శబ్దం, ఎవరో కేకేసినదో బండి హారనో పట్టుకోని సరిచూడు.

రెండోది, నువ్వు దూరం నుంచి తీసినవు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతది. ముప్పై నలభై మీటర్ల దూరమంటే నీ ఫోనుల పడ్డ పాటనే మూడు ఫ్రేములు ఆలస్యం. దానికి సరిగ్గ కలిపితే అమ్మ కాడి ఆడియో సుత మూడు ఫ్రేములు ఎనకపడ్డట్టే. అలైన్ అయినంక ఆ ఆడియోను మూడు ఫ్రేములు ముందుగాల వచ్చేటట్టు, ఎడమ దిక్కుకు జరుపు. పెదవిని చూసి జరుపు, గీతను చూసి కాదు.

అమ్మ పక్కన పెట్టిన ఫోను గడియారం, నీ ఫోను గడియారం అచ్చం ఒకటే నడవయి. మొదటి చప్పట్టు నుంచి ఆఖరి చప్పట్టు దాక వీడియోల 2400 సెకన్లు, ఆడియోల 2400.24 వచ్చిందనుకో, ఆఖర్ల ఏడు ఫ్రేములు తేడా. ఆడాసిటీల (ఆడియో దిద్దే సాఫ్ట్‌వేర్‌ల) స్పీడ్ మార్చే కాడ 0.010 శాతం పెంచితే సరిపోతది. ఇంత చిన్న మార్పుకు గొంతు మారినట్టు ఎవలకు తెల్వది. అమ్మ గొంతు బొంగురువోయి సాగినట్టు వినబడితే మాత్రం కథ వేరే, 48,000 శాంపుళ్ల ఆడియోను 44,100 అనుకోని ఆడిస్తాందన్నట్టు. నిమిషం 65 సెకన్లైతది.

ప్రివ్యూల ఆగి ఆగి ఆడితే బెదరకు, అది లాప్‌టాప్ మోయలేక. ప్రాక్సీ (ఎడిటింగ్‌కు వాడే చిన్న సైజు నకలు) పెట్టుకో. ఎక్స్‌పోర్ట్ చేసినంకనే తీర్పు. వీఎల్‌సీ ప్లేయర్ల ఆడించి, పాట ముందు వస్తే కే, ఎనక వస్తే జే నొక్కు, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు. ఎన్ని నొక్కులకు పెదవి కలిసిందో అదే నీ తేడా. పాట జెర ఎనకైతే కన్ను ఓర్చుకుంటది, ముందైతే జల్ది దొరుకుతది. అనుమానమొస్తే ఒక ఫ్రేము ఎనకనే ఉంచు.

ఆఖర్ల బతుకమ్మను నీళ్లల్ల ఇడిసేటప్పుడు అమ్మ నా పేరు పెట్టి ఏదో అన్నది, కెమెరా అటు తిరిగింది గానీ మాట పడ్డది. అది కొయ్యకు. అక్కడ బొమ్మ లేకున్న సరే, ఆడియో నడవనియ్యి.

మీ అక్క