మళ్ళీ సరళీ వరుసలకే

బిడ్డా,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసినాక నాకు నిద్ర పట్టలేదు. వయొలిన్‌లో పెద్ద పాఠాలైన వర్ణాల దాకా వచ్చిన దాన్ని హైదరాబాద్‌లో అక్కడి గురువుగారు మళ్ళీ మొట్టమొదటి పాఠాలైన సరళీ వరుసల్లో కూర్చోబెట్టారని నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక ఊకున్నా.

నీకు రాదని కాదు బిడ్డా వెనక్కి పంపింది. తీగల మీద లాగే కమాను మధ్యలో వణుకుతోందని నువ్వే అన్నావు కదా, వర్ణంలో ఆ వణుకు స్వరాన్ని ఊపే గమకాల్లో కలిసిపోతుంది, సరళీ వరుసలో దాచుకునే చోటుండదు. హన్మకొండలో గురువుగారి ఇంటి అరుగు మీద ఆరేళ్ళు కూర్చొని నీ పాఠాలు విన్నోడిని, ఆ మాత్రం నాకు తెలుసు. 72 మేళకర్త రాగాల్లో 15వదైన మాయామాళవగౌళతోనే ఎందుకు మొదలుపెడతారో ఒకనాడు ఆయన చూపించారు, గుర్తుందా? చూపుడువేలు రి మీద బాగా కిందికి, అక్కడి నుంచి గ కు పెద్ద ఎడం, గ పక్కనే ఆనుకొని మ. ఇదే పట్టు పక్క తీగ మీద పెడితే ద, ని, స. నువ్వప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవి, వేళ్ళు అందక ఎడమచెయ్యి చాపి చాపి చూసుకున్నావు.

నీకు తొందరెక్కువ, రెట్టింపు వేగముండే రెండో కాలం నుంచే అందుకుంటావు. కొన్నాళ్ళు మొదటి కాలమే వాయించు. తాళం దెబ్బకు ఒక్క స్వరం, స్వరానికి ఒక్క కమాను, ఎక్కి దిగేసరికి ఆదితాళం రెండు ఆవర్తనాలు, అంటే రెండు చుట్లు నిండాలి. కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో పోతోందా అన్నదొక్కటే విను. ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే జంట వరుసల్లో రెండో స్వరం మీద నొక్కు పడాలి, నీకు మొదటిదాని మీదే పడేది, అరుగు మీదికి వినిపించేది.

వరంగల్ కొత్తవాడలో నేను మగ్గమెక్కిన కొత్తల్లో మా నాయన ఏడాది పాటు ఉత్త పట్టెల జంపఖానాలే నేయించాడు. పువ్వులు నేస్తానంటే ఒప్పుకోలేదు. అడ్డపోగైన పేకను ఇనుప పళ్ళ పంజాతో కొట్టే దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా పడి అంచు వంకర పోతే జానెడు నేసింది కూడా విప్పించేవాడు. నాకు కోపమొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు చీకట్లో కొట్టినా నా దెబ్బ ఒక్క తీరుగానే పడుతుంది.

ఇంకోటి, మణికట్టు గుంజుతోందన్నావు. గుంజితే వెంటనే ఆపెయ్యి, అరగంటకోసారి లేచి చేతులు వదులు చేసుకో. నా కుడి భుజం సంగతి నీకు తెలుసు, నొప్పిని లెక్కచేయకనే అట్లయింది. నీ చెయ్యి అట్ల కావద్దు. అక్కడి గురువుగారికి కూడా చెప్పు, మొహమాటపడకు.

ఆదివారం పొద్దున ఫోన్ స్పీకర్‌లో పెట్టి మొదటి వరుస వాయించు, మొదటి కాలంలోనే. మగ్గం ఆపి అమ్మ, నేను ఇద్దరం వింటాం.

మీ బాపు