యాంటీబయాటిక్స్ పని వదిలేయకు

తిరుపతి

ప్రియ మిత్రమా,

పీహెచ్‌డీ ముగియగానే యాంటీబయాటిక్స్ పరిశోధన మానేసి క్యాన్సర్ మందుల వైపు వెళ్లిపోతానని రాశావు. అక్కడైతే ఉద్యోగాలూ ఉన్నాయి, డబ్బూ ఉందన్నావు. అది చదివాక మనసు ఊరుకోలేదు. తీరిక చేసుకుని ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

నీ భయం ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో అకాఓజెన్ అనే మందుల కంపెనీ సంగతే చూడు. 2018లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు అనుమతి తెచ్చుకుంది, 2019 ఏప్రిల్‌కల్లా దివాలా తీసింది. మందులో లోపం లేదు. కొత్త యాంటీబయాటిక్ వస్తే డాక్టర్లు దాన్ని చివరి అస్త్రంగా దాచుకుంటారు, దాచుకోవాలి కూడా. వాడినా వారం, పది రోజులే. బీపీ మాత్రలా ఏళ్ల తరబడి అమ్ముడుపోదు. ఇక పెట్టుబడి తిరిగొచ్చేదెలా? బ్రిటన్ 2022లో దీనికొక దారి చూపింది. ఎంత వాడారన్న లెక్క లేకుండా, రెండు మందులకు ఏటా ఇంతని చెల్లించడం మొదలుపెట్టింది. మిగతా దేశాలూ ఆ బాట పట్టాలని నా ఆశ.

మొన్న మా ల్యాబ్‌లో చూసిన, బ్యాక్టీరియా పెంచే ప్లేటు గురించి చెప్పాలి. నెల కూడా నిండని పసిబిడ్డ రక్తంలో పెరిగిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అది. మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ అద్దిన బిళ్ల చుట్టూ, మందు పనిచేస్తే, ఖాళీ వలయం కనిపించాలి కదా, బ్యాక్టీరియా బిళ్ల అంచును ఆనుకుని దట్టంగా పెరిగింది. పక్కనున్న వేరే మందుల బిళ్లల దగ్గరా అంతే. ఆ రిపోర్టు మీద వరుసగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే మందుకు లొంగదు) అని రాస్తున్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు. క్లెబ్సియెల్లా లాంటి గ్రామ్-నెగటివ్ రకం బ్యాక్టీరియా బయటి పొరను దాటి లోపలికి వెళ్లే అణువును, వెళ్లాక బ్యాక్టీరియాలోని ఎఫ్లక్స్ పంపులు బయటికి నెట్టేయలేని అణువును తయారుచేయడం తెలిసిన కెమిస్టులు ఎంతమంది ఉన్నారు చెప్పు? నీ థీసిస్ అంతా అదే కదా!

ఇప్పుడు డబ్బు విషయం. బయోటెక్ పరిశోధనకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి ‘బిగ్’ అనే గ్రాంటు కింద 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ఆలోచన నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. బెంగళూరులోని సీ-క్యాంప్ అనే పరిశోధన కేంద్రంలో ఈ రంగం స్టార్టప్‌లకు చోటూ సలహా రెండూ దొరుకుతాయి. బోస్టన్ నుంచి నడిచే కార్బ్-ఎక్స్ అనే నిధి సంస్థ, మనుషుల మీద జరిపే మొదటి దశ ట్రయల్స్ వరకు నిధులిస్తుంది. బెంగళూరు కంపెనీ బగ్‌వర్క్స్ అలా నిధులు తెచ్చుకున్నదే. గేట్స్, నోవో నార్డిస్క్, వెల్కమ్ ఫౌండేషన్లు కలిసి 2025లో మొదలుపెట్టిన పథకమైతే ముందుగా క్లెబ్సియెల్లా మీదే గురిపెట్టింది. సొంత కంపెనీ గొడవ వద్దనుకుంటే శాస్త్రవేత్తలకు నిధులిచ్చే, హైదరాబాద్‌లోని ఇండియా అలయన్స్ సంస్థ ఫెలోషిప్ చూడు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. రెండో, మూడో దశ ట్రయల్స్‌కు వచ్చేసరికి గ్రాంట్లు సన్నగిల్లిపోతాయి. కొత్త యాంటీబయాటిక్స్ తయారీకి తోడ్పడే జెనీవా సంస్థ జీఏఆర్‌డీపీ, 2020లో సుమారు 100 కోట్ల డాలర్లతో మొదలైన ఏఎంఆర్ యాక్షన్ ఫండ్ లాంటివి అక్కడ ఆదుకుంటాయి గానీ అందరికీ అందవు. కాబట్టి ఏ చిన్న కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్లినా, మొదటి దశ దాటాక డబ్బు ఎక్కడి నుంచి తెస్తారని నువ్వే అడుగు. సూటిగా జవాబు చెప్పలేకపోతే అక్కడ చేరకు.

మనవాళ్ల వల్ల కాదని మాత్రం అనకు. చెన్నై మందుల కంపెనీ ఆర్కిడ్‌లో పుట్టిన ఎన్‌మెటాజోబ్యాక్టమ్ అనే మందు, సెఫెపైమ్ అనే యాంటీబయాటిక్‌తో జోడీగా 2024లో అమెరికా అనుమతి పొందింది. బైరాక్ సాయంతో వోక్‌హార్ట్ కంపెనీ నాఫిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీసుకొచ్చింది.

క్యాన్సర్ పనిని తక్కువ చేయడం లేదు. కానీ కీమోథెరపీతో రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి ఇన్‌ఫెక్షన్ సోకితే కాపాడేది యాంటీబయాటికే కదా.

బిగ్ దరఖాస్తు చిత్తుప్రతి రాసి పంపు. ఏ బ్యాక్టీరియా మీద, ఏ మోతాదులో పరీక్షించాలో ఆ భాగం నేను చూస్తాను. ఆదివారం ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం. అమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు