సోఫా లోపల ఏముందో చీటీ మీద రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా వెళ్లింది, సంక్రాంతి వస్తోంది. మన శ్రీకాకుళంలో ఫర్నిచర్ షాపుల ముందు మళ్లీ షామియానాలు వేస్తారు, పాత సోఫా తెస్తే ఇంత తగ్గిస్తాం, సెట్టు కొంటే టీపాయ్ ఫ్రీ, వాయిదాలకి వడ్డీ లేదు అని మైకులో ఊదరగొడతారు. అన్నీ చెబుతారు గానీ ఆ సోఫా లోపల ఏ కర్ర ఉంది, ఏ ఫోము ఉంది, పైన వేసింది గుడ్డా, రెగ్జినా, రెగ్జిన్ లాంటి ఇంకోటా అన్నది మాత్రం ఒక్కరూ చెప్పరు. అడిగితే "మంచి కర్రే సార్, ఇంపోర్టెడ్" అంటారు. ఇంపోర్టెడ్ అంటే ఏ చెట్టో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సోఫా గురించి పేపరుకి ఉత్తరమేమిటి అని కొందరు నవ్వుకోవచ్చు. ఒక మామూలు ఉద్యోగి ఇంట్లో ఫ్రిజ్జు, టీవీ తర్వాత అంత డబ్బు పోసి కొనే వస్తువు అదే, అందులోనూ చాలామంది వాయిదాల మీద కొంటారు, వాయిదాలు పూర్తి కాకముందే సోఫా పొట్టు రాలడం మొదలవుతుంది. ఫ్రిజ్జు మీద స్టార్లుంటాయి, తయారు చేసినవాడి పేరుంటుంది, లోపలి సరుకు వివరం ఉంటుంది. సోఫా మీద ధర చీటీ తప్ప ఇంకేమీ ఉండదు.

మన వాతావరణం సంగతి అందరికీ తెలిసిందే. ఒక పక్క సముద్రం, ఊరి మధ్య నాగావళి. ఏప్రిల్, మే వచ్చాయంటే ఒళ్లంతా జిడ్డు కట్టే ఉక్కపోత, జూన్ నుంచి వానలు, అవి తగ్గాయనుకునేలోపు అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఇళ్లల్లో ఏమేం పాడయ్యాయో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు, ఉద్దానంలో అయితే రోజుల తరబడి కరెంటు లేక తడిసిన పరుపు ఆరబెట్టడానికి ఫ్యాను గాలి కూడా దొరకలేదు. తుఫాను సంగతి వదిలేయండి, మామూలు రోజుల్లోనే బీరువాలో బట్టల మధ్య కలరా ఉండలు వేసుకోకపోతే ముక్కిపోయిన వాసన వచ్చే ఊళ్లు మనవి. గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే నిలిచిపోతే గుడ్డ మీద, తోలు మీద, కర్ర మీద బూజు పడుతుంది. ఆ తేమ ఇక్కడ ఏడాదిలో చాలా నెలలుంటుంది.

మరి షాపుల్లో అమ్మేదేమిటి? మా పక్కింటివాళ్ల సోఫా సంగతి చెబుతాను, షాపు పేరు అనవసరం. త్రీ ప్లస్ వన్ ప్లస్ వన్, కాఫీ రంగు, కొన్నరోజు చూస్తే నిజంగానే ముచ్చటగా ఉంది. రెండో వర్షాకాలం వచ్చేసరికి కూర్చునేచోట పైపొర చిన్న చిన్న రేకుల్లా లేచి, కూర్చున్నవాళ్ల లుంగీలకీ పిల్లల తొడలకీ అంటుకోవడం మొదలైంది. చివరికి సోఫాలు కుట్టే మేస్త్రిని పిలిచి దాన్ని బోర్లించి, అడుగున కొట్టిన నల్లగుడ్డ విప్పించారు. స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి గుడ్డకి గోధుమరంగు మరకలు, ఫ్రేముకి వాడినవి మిషన్లు ప్యాక్ చేసి వచ్చే పెట్టెల చెక్కలు, ఒకదానికి ఇంకా బెరడుంది, ఇంకొకదాని మీద ఏదో కంపెనీ అక్షరాలు సగం కనబడుతున్నాయి. మూలల్లో పుచ్చి పిండిలా రాలుతోంది. చేతులు ఆనించే చోట పార్టికల్ బోర్డు, అంటే కర్రపొట్టు జిగురుతో అదిమి చేసిన చెక్క, చెమ్మకి ఉబ్బి మేకు పట్టు వదిలేసింది. మేస్త్రి ఏమీ ఆశ్చర్యపోలేదు, "అన్నీ ఇలాగే ఉంటాయండి" అన్నాడు.

ఆ పొట్టు రాలడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే షాపువాళ్లు దాన్ని మన వాడకం మీదికి నెట్టేస్తారు, నూనె తలలు ఆనించారు, తడిగుడ్డతో తుడిచారు అని. లెదరెట్ అని అమ్మే తోలులాంటి సరుకులో చాలావరకు గుడ్డ మీద పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసినవే. తేమ, వేడి కలిసి తగులుతుంటే ఆ పూత నీటితో చర్య జరిగి తనంతట తాను విరిగిపోతుంది. కూర్చున్నా అంతే, కూర్చోకపోయినా అంతే, దుప్పటి కప్పి దాచుకున్నా అంతే. పొడి గాలి ఉండే ఊళ్లో చాలాకాలం బాగుండే సరుకే మన దగ్గర తొందరగా రాలిపోవచ్చు. పాతకాలం పీవీసీ రెగ్జిన్‌కి ఈ జబ్బు లేదు గానీ దాని మీద వేసవిలో కూర్చుంటే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. అసలు తోలైతే బూజు, దాన్ని తుడిచి మెయింటైన్ చేసే ఓపిక ఎందరికి ఉంటుంది? మన ఊళ్లకి గాలి ఆడే గుడ్డే నయం, అదీ జిప్పు పెట్టి ఊడదీసి ఉతుక్కునే కవరైతేనే.

కర్ర విషయంలో ఇంకా అన్యాయం. కర్ర చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది, దాంతో ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియంది కాదు. కర్రలో ఎంత తేమ ఉండొచ్చో చెప్పే ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణం గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి, ఏ మండలానికి ఎంత ఉండాలో వేరువేరుగా చెప్పింది. మన కోస్తా బాగా తేమ ఉండే మండలం. మరి ఎక్కడో రాజస్థాన్‌లో ఎండి, అక్కడే బిగించిన సోఫా లారీ ఎక్కి వచ్చి ఇక్కడ ఉబ్బితే అతుకులు వదలక ఏం చేస్తాయి? పచ్చికర్రతో చేసింది ఇంకో రకంగా వంకర పోతుంది. ప్లైవుడ్‌లోనూ తేడాలున్నాయి. మామూలు ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 303లో ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకం కాస్త చెమ్మని మాత్రమే తట్టుకుంటుంది, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) అంతకన్నా గట్టిది, నీళ్లలో నానినా ఆగే మెరైన్ ప్లైవుడ్‌కి ప్రమాణం ఐఎస్ 710. ఆ ముద్ర షీటు మీద ఉంటుంది, సోఫా లోపలికి వెళ్లాక ఎవరికి కనబడుతుంది?

ఫోము కూడా ఇంతే. వేలితో నొక్కి చూపించి "చూడండి ఎంత గట్టిగా ఉందో" అంటారు. గట్టితనం వేరు, డెన్సిటీ వేరు. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోము 40 కిలోలు తూగుతుందని అర్థం, తక్కువ డెన్సిటీ ఫోముని కూడా నొక్కితే గట్టిగా ఉండేలా తయారు చేయొచ్చు, అది కొన్నాళ్లకి గుంట పడుతుంది. నేను మాత్రం కూర్చునే కుషనుకి 32 కన్నా తక్కువది తీసుకోను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. షాపులో పెట్టిన ప్రతి సోఫాకి ఒక చీటీ కట్టాలి: ఫ్రేము ఏ కర్ర లేదా ఏ ప్లైవుడ్, పురుగు మందు పట్టించారా లేదా, ఫోము డెన్సిటీ ఎంత, పై కవరు పాలీయురేథేనా పీవీసీనా గుడ్డా, తయారైన నెల ఏది. ఆ వివరాలే బిల్లు మీద కూడా రావాలి. పెట్రోలు బంకుల్లో కొలత, కిరాణా కొట్లలో కాటా చూసే తూనికలు కొలతల శాఖవారు, వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులు పండగ సీజనులో ఒక్కసారి ఈ షాపుల వైపు కూడా రావాలి. రెండు సూదులుండే చిన్న తేమ మీటరు దొరుకుతుంది, కర్రకి గుచ్చితే శాతం చూపిస్తుంది. మనలాంటివాళ్లం అడిగితే షాపువాడు సోఫా బోర్లించడు, ఆఫీసరు అడిగితే బోర్లిస్తాడు.

చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనే సరుకు నాణ్యత, ప్రమాణం ఏమిటో తెలుసుకోవడం మన హక్కు. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతులు. అయినా "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేసుకుంటూనే ఉన్నారు. వారంటీ కార్డు ఇంకా విడ్డూరం, అయిదేళ్లు అని ముందు పెద్ద అక్షరాల్లో, వెనక సన్న అక్షరాల్లో తేమ, బూజు, పైపొర ఊడడం, పురుగు ఇందులోకి రావు అని. శ్రీకాకుళంలో సోఫాకి అవి కాక ఇంకేం వస్తాయండీ!

సోఫా మీద 18 శాతం జీఎస్‌టీ కడుతున్నాం కాబట్టి పక్కా బిల్లు అడిగి తీసుకోండి, కచ్చా చీటీతో ఎక్కడికి వెళ్లినా లాభం లేదు. బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, కొన్న ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో కొన్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

కొనబోయేవాళ్లకి ఒక మాట. కింద చీపురు దూరి గాలి ఆడేలా కాళ్లున్న సోఫా తీసుకోండి, నేలకి ఆనేవీ, అడుగున పెట్టె ఉండే సోఫా కమ్ బెడ్లూ చెమ్మని లోపలే దాచుకుంటాయి. గోడకి జానెడు ఎడంగా వేయండి, వానకి చెమ్మగిల్లే గోడకైతే అసలు వద్దు. బాగా ఆరిన టేకుతో మన వడ్రంగి చేత చట్రం చేయించుకుని కుషన్లు విడిగా కుట్టించుకుంటే ఎండ కాసిన రోజు డాబా మీద పడేయొచ్చు. పనసా మంచిదే, బొబ్బిలి వీణలు చెక్కేది ఆ కర్రతోనే. పేము, వెదురు సామాను మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు నుంచి 5 శాతానికి తగ్గింది, కాస్త వార్నిష్ చూసుకుంటే ఈ గాలికి అవి బాగానే ఉంటాయి. ఇనుప ఫ్రేములు మాత్రం కళింగపట్నం, బారువ లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి ఆగవు.

చివరగా మీకే ఒక విన్నపం. పండగ ముందు మీ జిల్లా పేజీల్లో సోఫాల ప్రకటనలు పెద్ద పెద్ద బొమ్మలతో వస్తాయి. అవి ఆపమని అడగను, మీకూ పేపరు నడవాలి. ధర వేసినచోటే ఏ కర్రో, ఏ ఫోమో, ఏ కవరో కూడా ఒక లైను వేయమని ప్రకటన ఇచ్చేవాళ్లని ఈ సంక్రాంతికైనా అడిగి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం